గిటారు పెట్టెలో ఆంజనేయుడు

శనివారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు సత్యవాణి సింగపూర్‌లోని సెంబవాంగ్ కమ్యూనిటీ హాలు మెట్లెక్కేసరికి దొంగ దొరికిపోయాడు, నేరం రుజువైపోయింది, ఇక శిక్ష వేయడమే తరువాయి. ఇదంతా సుధాకరరావు ఒక్కడే గంటన్నరలో, మధ్యలో రెండుసార్లు కాఫీ తాగి మరీ పూర్తిచేశాడు.

"అనవసరంగా అంత దూరం నుంచి వచ్చారు మేడమ్," అన్నాడాయన గుమ్మంలో అడ్డంగా నిలబడి. "కేసు క్లోజ్. బొమ్మ ఎక్కడుందో ఒక్కటే తేలాలి."

"అంటే ఇల్లు కట్టడం అయిపోయింది, పునాది ఒక్కటే మిగిలిందన్నమాట," అంది సత్యవాణి, తడిసిన గొడుగు మూసి ఆయన చేతికే ఇస్తూ.

సుధాకరరావు గుంటూరు వైపు డీఎస్పీగా రిటైరయ్యాడు. జురాంగ్ వెస్ట్‌లో కూతురింటికి మూడు నెలలకని వచ్చి మూడేళ్లయింది. సింగపూర్‌లో తెలుగువాళ్లు పదిమంది ఎక్కడ చేరినా భద్రతా సలహాదారు ఆయనే. ఎవరూ అడగలేదు, ఆయనా అడిగించుకోలేదు. సత్యవాణి కాకినాడ మనిషి. పదిహేనేళ్లు ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని, ఆ విద్యతోనే తంజోంగ్ పగార్‌లో నూడుల్స్ కొట్టు పైన డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. ఇద్దరికీ ఇంతకుముందు రెండుసార్లు పోటీ పడింది. రెండుసార్లూ ఆయనే గెలిచానని చెప్పుకుంటాడు.

"ఫోన్ చేసింది నేనే లా," అంటూ లోపలినుంచి హైమావతి వచ్చింది. ఆవిడది ముత్తాత కాలంలోనే ఈ దేశం వచ్చిన కుటుంబం; మాట చివర 'లా' అనడం ఇక్కడివాళ్ల ఊతపదం. ఆ రోజు కార్యక్రమానికి వంట బాధ్యత ఆవిడదే. "ఆ పిల్లాడు నోరు తెరవడు. ఈ సార్ నోరు మూయడు. నాకు తల తిరిగిపోయింది, అందుకే పిలిచా."

పోయింది తోలుబొమ్మ. సాయంత్రం ఏడు గంటలకు ఈ హాల్లోనే లంకాదహనం ఆట. అనంతపురం జిల్లానుంచి కొండమ్మ అనే అరవై ఎనిమిదేళ్ల ఆవిడ తన బొమ్మల బుట్టతో వచ్చింది. ఆమె ఆటకు ఈసారి మద్దెల, తాళాలు కాదు, బ్లూస్ గిటారు తోడు. వాయించేవాడు ఫైజ్. హైదరాబాదు పాతబస్తీ కుర్రవాడు, వైటూకే పని మీద వచ్చి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో స్థిరపడ్డాడు. పగలంతా కంప్యూటరు, గురువారం సాయంత్రాలు మాత్రం సత్యవాణి ఆఫీసు పక్కసందులో గాజు సీసా మెడను వేలికి తొడుక్కుని తీగల మీద జార్చుతూ బ్లూస్ వాయిస్తాడు. అమెరికా దక్షిణాన పత్తిచేలల్లో నల్లజాతి కూలీల ఏడుపులోంచి పుట్టిన పాట అది.

పోయినవారం కొండమ్మ దిగిన రోజున ఫైజ్ ఆ పాట వినిపిస్తే, ఆమె చెవి ఒగ్గి విని, "ఎవురు సచ్చిపోయినారప్పా?" అని అడిగిందట. ఇంకాసేపు విని, "ఏడుస్తానే కాలాడిస్తాండారే! మా సీతమ్మ పాట గూడా ఇంతే," అందట. ఆ మాటతో ఇద్దరికీ స్నేహం కుదిరిపోయింది. ఈ వారం రోజులూ అతను ఆమెను అవ్వా అనీ, ఆమె అతన్ని నాయనా అనీ పిలుచుకుంటూ ఆట కట్టారు. నాలుగు వందల మంది చూడటానికి వస్తున్నారు.

"టైములు చెప్పండి," అంది సత్యవాణి.

సుధాకరరావు చెప్పనవసరం లేకుండా హైమావతే అందుకుంది. ఆవిడ పదకొండున్నర నుంచి వరండాలో రైస్ కుక్కర్ల దగ్గరే ఉంది. బొమ్మల గది తలుపు ఆవిడ కళ్లముందే ఉంటుంది.

"పన్నెండూ అయిదుకి అవ్వా ఫైజూ లోపలికి పోయారు. నేను రెండో కుక్కరు పెట్టిన టైము. పన్నెండూ ఇరవైకి అవ్వ ఉత్త చేతులతో బయటికొచ్చింది. నడుం వాల్చాలి, ఇంటి తాళం ఇయ్యమంది. మా బ్లాకు ఎదురుగానే లా, ఇచ్చా. ఇంకో అయిదు నిమిషాలకి ఫైజు గిటారు పెట్టె పట్టుకుని వచ్చి, గదికి తాళం వేసి వెళ్లిపోయాడు. ఒంటిగంటా ముప్పై అయిదుకి తిరిగొచ్చాడు. చెప్పులనిండా ఇసుక! నేను అప్పుడే తుడిచిన నేలమీద! మళ్లీ తుడిచా."

"ఈలోగా?"

"ఒంటిగంటా ఇరవైకి గంగాధర్ వచ్చాడు. రెండో తాళంచెవి ఆయన దగ్గరుందిగా. ఎయిర్‌పోర్టునించి ఒక తెల్లాయన్ని వెంటబెట్టుకొచ్చి, గది తీసి చూపించాడు. ఆంజనేయుడు లేడు."

"ఆంజనేయుడు లేడు," అన్నాడు సుధాకరరావు వేలు పైకెత్తి, "కానీ గదిలో మూలన గిటారు ఉంది. పెట్టె లేకుండా! పదిహేను నిమిషాల తర్వాత కుర్రాడు ఖాళీ పెట్టెతో నడుచుకుంటూ వచ్చాడు. గిటారు లోపల వదిలేసి పెట్టెలో ఏం తీసుకెళ్లినట్టు మేడమ్? గాలా?"

సత్యవాణి ఒప్పుకుంది. ఒప్పుకోక చేసేదేముంది, ఆయన అన్న ఆ ఒక్కటీ నిజమే.

"అయిదు గంటలవరకూ టైమిచ్చాను. అప్పటికీ చెప్పకపోతే పోలీసులకు ఫోన్ చేస్తాను. ఆ తర్వాత అతగాడి వర్క్ పాస్ సంగతి ఈ దేశమే చూసుకుంటుంది."

ఫైజ్ వేదిక అంచున కూర్చుని కాళ్లు ఊపుతూ పులిహోర తింటున్నాడు. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకునే రకం కాడు. సత్యవాణి పక్కన చతికిలబడింది.

"ఇది ఎన్నో ప్లేటు?"

"మూడోది ఆంటీ. టెన్షన్ల ఆకలైతది నాకు."

"తీశావా?"

"దొంగతనం చెయ్యలే."

"నేనడిగింది అది కాదు. తీశావా?"

ఫైజ్ ఒక జీడిపప్పు ఏరుకుని నెమ్మదిగా నమిలాడు. "అంతకన్న ఎక్కువ అడగకుర్రి ఆంటీ. జుబాన్ ఇచ్చిన, మాట తప్ప."

"ఎవరికిచ్చావు?"

"అది చెప్తే జుబాన్ ఏడ ఉంటది?"

"నీ పాస్ రెన్యువల్ ఎప్పుడు?"

"వచ్చే నెల రెండో తారీకు."

"పోలీసు కేసు ఉంటే ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసు. తర్వాతి ఫ్లైటే." అతను నవ్వాడు గాని ఈసారి కాళ్లు ఊగడం ఆగింది. "అమ్మీకి ఏం చెప్పాల్నో అదొక్కటే సమజైతలేదు. మా చెల్లె సహర్ కాలేజ్ నా మీదనే నడుస్తుంది. అయినా ఆంటీ, ఇన్ని దినాలు ఏసీ రూముల కూసొని పత్తిచేను ఏడుపు వాయించిన. సిగ్గయ్యేది. ఇప్పుడు అసలైన కష్టం దొరికింది. ఇంక నా బ్లూస్ వినుర్రి!"

సత్యవాణికి నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. ఇంత మంచి కుర్రవాడిని రేపీపాటికి విమానం ఎక్కిస్తారనుకుంటూ ఆమె లేచి బొమ్మల గదికి వెళ్లింది.

గది పది అడుగులకు పది అడుగులు. కిటికీ లేదు. తాళం బలవంతంగా తీసిన గుర్తులు లేవు. వెదురుబుట్ట మూత తీసి ఉంది. లోపల రాముడు, సీత, లక్ష్మణుడు పైన. మధ్యలో ఒక చాప. చాప కింద రావణుడు, అతని పరివారం. దేవతలూ రాక్షసులూ ఒకరినొకరు తాకకుండా సర్దడం ఈ ఆటవాళ్లందరికీ అలవాటేనని సత్యవాణికి తెలుసు. చాప ముడత కూడా పడలేదు. ఎవరో తీరిగ్గా, భయం లేకుండా తీశారు.

బుట్ట పక్కన నేలమీద అయిదడుగుల వెదురు దబ్బ ఒకటి పడుంది. తోలుబొమ్మకు నడుముకు నిలువునా కట్టే కర్ర అది. దాన్ని పట్టుకునే బొమ్మను తెరమీద ఆడిస్తారు.

"ఆంజనేయుడిది," అన్నాడు సుధాకరరావు వెనకనుంచి. "చేతులూ కాళ్లూ కీళ్లు గనక బొమ్మ మడిస్తే మడుస్తుంది, కర్ర మడవదు. గిటారు పెట్టెలో పట్టలేదు. అందుకని పీకి పడేశాడు. దీనికి డిటెక్టివ్ అక్కర్లేదు, టేపు చాలు."

"పీకలేదు," అంది సత్యవాణి మోకాళ్లమీద కూర్చుని. "దారాలు చూడండి. ఏడు ముళ్లు, ఏడూ విప్పారు. తెంపలేదు, కొయ్యలేదు. విప్పిన దారాలు చుట్టచుట్టి పక్కన పెట్టారు. గిటారు వాయించే కుర్రాడు, తోలు ముడి ఎప్పుడూ ముట్టనివాడు, అవ్వ వెళ్లాక మిగిలిన అయిదు నిమిషాల్లో ఏడు విప్పగలడా?"

"పట్టుదల ఉంటే విప్పుతాడు."

"సరే, ఇది?" ఆమె కర్ర రెండు కొసలమీదా వేలు రాసి చూపించింది. వేలికి పసుపంటింది. ఇంకా తడి ఆరలేదు. పైన చిన్న కుంకుమ బొట్టు.

"పొద్దున పూజ చేసుంటారు."

"మిగతా బొమ్మలకి లేదు. ఆఖరికి వినాయకుడికి కూడా లేదు. విప్పిన కర్రకే ఉంది. ఎక్కడైనా దొంగ, దొంగతనం చేసి వదిలేసిన దానికి పసుపు రాసి బొట్టు పెడతాడా సుధాకరరావు గారూ? మీ సర్వీసులో చూశారా?"

ఆయన చూడలేదు. ఆ సంగతి ఒప్పుకోవడం ఇష్టంలేక గోడవైపు చూశాడు.

అప్పుడే గంగాధర్ లోపలికొచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. ఈ రెండువేల సంవత్సరంలో అందరూ డాట్‌కామ్‌లు పెడుతుంటే ఇతను జానపద కళలకు డాట్‌కామ్ పెట్టాడు. కార్యక్రమానికి అధ్యక్షుడు, అవ్వకు టికెట్టు కొన్నవాడూ ఇతనే. మొబైల్ ఫోను ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ మాట్లాడతాడు.

"మేడమ్, ప్లీజ్, డ్రామా వద్దు. సోమవారం మా సైట్ లాంచ్. ఆ ఆంజనేయుడు నూట ఇరవై ఏళ్ల పీసు. నా ఇన్వెస్టర్ దానికోసమే లండన్‌నుంచి దిగాడు. ఆయన గ్యాలరీలో అద్దం వెనక పెడతాడు. ఇట్ ఈజ్ కంపెనీ ప్రాపర్టీ."

"మీ కంపెనీదా? కొండమ్మగారిది కాదా?"

గంగాధర్ సుధాకరరావు వైపు తల ఊపాడు. ఆయన తన ఫైలు తెరిచి ఒక కాగితం తీసి సత్యవాణి ముక్కు ముందు పట్టుకున్నాడు. ఇంగ్లీషులో టైపు చేసిన దానపత్రం. ఆంజనేయుడి బొమ్మను పూర్తి సమ్మతితో కంపెనీకి ఇస్తున్నట్టు. అడుగున ఊదారంగు సిరాతో పెద్ద వేలిముద్ర.

"చూశారుగా. ఎవిడెన్స్ అంటే ఇలా ఉండాలి," అన్నాడు సుధాకరరావు.

"ఇలా ఇచ్చేశారని అవ్వకు ఎప్పుడు చెప్పారు?" సత్యవాణి గంగాధర్‌నే చూస్తోంది.

"నిన్న రాత్రి. రిమైండ్ చేశాను. ఆట అయ్యాక బొమ్మ ఇక్కడే ఉంటుంది, నువ్వు ఆదివారం ఫ్లైట్ ఎక్కేయొచ్చు, పాస్‌పోర్ట్ నా దగ్గర సేఫ్‌గా ఉంది అని చెప్పా."

"ఆవిడేమంది?"

"ఏమంటుంది పాపం. తల ఊపింది."

సత్యవాణి లేచి చీర దులుపుకుంది. గడియారం నాలుగుంపావు. అవ్వకు నిన్న రాత్రి తెలిసింది. ఇవాళ పన్నెండింటికి ముళ్లు విప్పింది, కర్రకు పసుపు రాసింది. ఆ తర్వాత ఫైజ్ చెప్పుల నిండా ఇసుకతో తిరిగొచ్చాడు. ఆమె వరండాలోకి నడిచి హైమావతిని ఒక్క ప్రశ్న అడిగింది.

"అవ్వ ఇప్పుడు మీ ఇంట్లో పడుకునే ఉందా?"

"ఉండాలి లా. చూసి రాలేదు."

"పొద్దున్నుంచి మిమ్మల్నేమైనా అడిగిందా? సముద్రం గురించి?"

హైమావతి గరిటె గాల్లో ఆగిపోయింది. "అడిగింది! నీళ్లు ఎప్పుడు వెనక్కి పోతాయని. ఊళ్లో పెద్దాయన ఎవరన్నా చెప్పగలరా అని. నేను పేపర్లో చూసి చెప్పా. నాలుగూ యాభైకి."

సత్యవాణి ఇక ఆగలేదు. గదిలోకి పోయి వెదురు దబ్బ, దారాలు తీసుకుని, గొడుగు సుధాకరరావు చేతిలోనే వదిలేసి, రోడ్డుమీదికి పరుగెత్తి టాక్సీ ఆపి, సెంబవాంగ్ పార్కు తీరానికి పోనిమ్మంది; గంటలో నడిచి వెళ్లి రాగల సముద్రం అదొక్కటే. అయిదడుగుల కర్ర లోపల పట్టక కిటికీలోంచి సగం బయటికి పెట్టింది. డ్రైవరు ఏమీ అనలేదు గాని అద్దంలో రెండుసార్లు చూశాడు.

రెండు మలుపులు తిరిగాక వెనక గంగాధర్ వెండిరంగు కారు కనిపించింది. ముందు సీట్లో సుధాకరరావు ఫోన్ చెవికి ఆనించుకుని ఉన్నాడు. వెనక ఫైజ్. అయిదు గంటలవరకూ ఆగుతానన్న మనిషి నాలుగున్నరకే పోలీసులకు ఫోన్ చేసేస్తున్నాడన్నమాట.

"కొంచెం మెల్లగా పోనివ్వండి," అంది సత్యవాణి డ్రైవరుతో. "వెనకాయనకి దారి తప్పే అలవాటుంది."

సెంబవాంగ్ పార్కు దగ్గర పాత జెట్టీ చివర, గాలం వేసుకున్న ఇద్దరు మలయ్ ముసలివాళ్ల పక్కన, కొండమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒళ్లో పాతచీర మూట. నీళ్లు ఇంకా నిండుగా, కదలకుండా ఉన్నాయి. నాలుగూ ముప్పై ఎనిమిది.

సత్యవాణి వెళ్లి పక్కన కూర్చుని, కర్ర ఇద్దరి మధ్యా పెట్టింది. కొండమ్మ కర్రను చూసింది, ఆమెను చూసింది. ఉలిక్కిపడలేదు.

"కర్రను తెచ్చినావేమ్మా? అది ఉండల్ల. కొత్త బొమ్మకు అదే కడతాము. బొమ్మ పోయినా దబ్బ పోగూడదు. మా తాతలనాటి మాట."

"పాతబడ్డ బొమ్మని నీళ్లలో కలుపుతారని విన్నానండి."

"ఊ. పోయే నీళ్లల్లోనే వదలల్ల. వచ్చే నీళ్లల్లో వదిల్తే తిరిగి ఒడ్డుకొస్తాది, కాకులు పొడుస్తాయి. అందుకే కూసోనుండా."

"ఇది పాతబడిందా? ఇక ఆడదా?"

కొండమ్మ మూట విప్పింది. తోలు ఎండకు ఎర్రగా, పచ్చగా వెలిగింది. కిరీటంలో గుచ్చిన వేలకొద్దీ చిల్లుల్లోంచి వెలుతురు ఆమె చీరమీద పడింది.

"ఎందుకాడదు? ఇంగా నలబై ఏండ్లు ఆడ్తాది," అంది కొండమ్మ, అని ఏడ్చేసింది. "బతికుండే బొమ్మమ్మా ఇది. మేకు గొట్టి అద్దమెనకాల పెడ్తారంట. ఆంజనేయస్వామిని! లంక దాటినోన్ని! కాయితాలన్నీ అయిపోయినాయి, నీకేం పనిల్యా అనె ఆ గంగాధరప్ప. పెద్దోళ్ల కాయితం, నేనేం జేస్తా? పాసుపోర్టు గూడా ఆయప్ప తావనే ఉండె. గోడకేలాడేదానికంటే గంగలో కలిసేదే మేలనుకుంటి. ఫైజప్పను బతిమలాడి ఇంతదూరం మోపిచ్చుకొస్తి. ఎవురికీ జెప్పొద్దని ఒట్టేయించుకుంటి. ఏం, తప్పా?"

"తప్పు కాదు. కానీ ఆ ఒట్టు వల్ల ఫైజ్‌ని దొంగ అంటున్నారు. పోలీసులు వస్తున్నారు. వాణ్ని ఈ దేశంనుంచి పంపేస్తారు."

కొండమ్మ ఏడుపు ఆగిపోయింది. వయసు అరవై ఎనిమిదని మరిచిపోయి ఒక్క ఊపులో లేచి నిలబడింది.

"ఎవురన్నారు దొంగని? నా బొమ్మకు నా బిడ్డ దొంగా?"

జెట్టీమీద చెక్కలు దడదడలాడాయి. ముందు సుధాకరరావు, వెనక గంగాధర్, ఆ వెనక ఫైజ్. ఫైజ్ అవ్వను చూసి రెండు చేతులూ పైకెత్తాడు. "నేను చెప్పలే అవ్వా! కసమ్!"

"నువ్వు చెప్పలేదులే నాయనా. చెప్పింటే బాగుండు, ఎర్రి ముండాకొడకా!" అని కొండమ్మ ముద్దుగా తిట్టి, సుధాకరరావు వైపు తిరిగింది. "ఏందప్పా నీ గొడవ?"

"ఏయ్, మర్యాద!" అన్నాడాయన. జెట్టీ పొడవునా పరుగెత్తి ఎగశ్వాసగా ఉంది. "నీ బొమ్మ కాదది. నువ్వే దానమిచ్చావు. ఇచ్చిన తర్వాత తీసుకుపోతే నువ్వూ దొంగవే, మోసినవాడూ దొంగే. ఇదిగో, నీ వేలిముద్ర!"

కాగితం గాలికి రెపరెపలాడింది. కొండమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని అడుగున ఉన్న ఊదారంగు మచ్చను చూసింది. తలెత్తి గంగాధర్‌ని చూసింది. ఆమె భుజాలు కదలడం మొదలయ్యాయి. మళ్లీ ఏడుస్తోందేమోనని సత్యవాణి చెయ్యి చాచింది. కానీ అది నవ్వు.

"వేలిముద్రా? నేనా? ఎవురికన్నా పెన్ను ఉండాదా?"

సత్యవాణి పెన్ను ఇచ్చింది. కొండమ్మ కాగితాన్ని జెట్టీ చెక్కమీద బోర్లించి, వంగి, నిదానంగా రాసింది. బూదిలి కొండమ్మ. అక్షరాలు గుండ్రంగా, తలకట్లు తీర్చి, బడిపంతులు దస్తూరీలా ఉన్నాయి. కింద తారీకు కూడా వేసింది.

"తెరెనకాల నిలబడి వేల పద్యాలు చదవల్లంటే అచ్చరం రాకుండా ఎట్లప్పా? ఏడో ఏటనే మా నాయన ఇసుకలో దిద్దిచ్చినాడు. పాసుపోర్టులో గూడా సంతకమే ఉండాది, తీసి సూడు. నా జల్మలో నేను యాడా వేలు ముంచలేదు."

సత్యవాణికి అంతా తేటగా కనిపించింది. తోలుబొమ్మలాడించే పల్లెటూరి ముసలామె అంటే వేలిముద్రే వేస్తుందని గంగాధర్ అనుకున్నాడు. అంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి, ఆ కాగితం చూసిన డీఎస్పీ అలాగే అనుకున్నాడు. కాగితం చూసిన తనూ, అరగంట సేపు, అలాగే అనుకుంది. చదువుకున్న ముగ్గురూ చదువుకున్నవాళ్లు చేసే తప్పే చేశారు.

"గంగాధర్ గారూ," అంది సత్యవాణి, "ఇది కొండమ్మగారి వేలు కాదు. మరెవరిది?"

"ఐ డోంట్ నో. మా ఆఫీసు స్టాఫ్ ఎవరో పేపర్‌వర్క్ చేశారు," అన్నాడు గంగాధర్. మొబైల్ చేతులు మారడం మానేసింది. "ఎనీవే, ఇన్వెస్టర్ వెయిటింగ్. దీని సంగతి తర్వాత..."

"ఆగు," అన్నాడు సుధాకరరావు.

ఆయన గొంతులో ఈ రోజంతా లేని మెత్తదనం వినిపించింది. కాగితం తీసుకుని, జేబులోంచి భూతద్దం తీసి, జెట్టీ రెయిలింగ్‌కు ఆనుకుని వేలిముద్రమీద వంగాడు. ఈ అద్దంతో ఈ కాగితాన్ని ఆయన మధ్యాహ్నం చూడలేదు. ముసలామె ముద్రే కదా, చూసేదేముందనుకున్నాడు.

కొండమ్మ అప్పటికే చెక్కలమీద కూర్చుని ఆంజనేయుడి నడుముకు కర్ర కట్టడం మొదలుపెట్టింది. ఫైజ్ పక్కన కూర్చుని దారం అందిస్తున్నాడు. జెట్టీ స్తంభాల చుట్టూ నీళ్లు మెల్లగా సముద్రంవైపు కదలడం మొదలుపెట్టాయి. నాలుగూ యాభై రెండు. ఆమె అటు చూడనైనా లేదు. మూడో ముడి వేస్తోంది.

సుధాకరరావు తన ఎడమచేతి బొటనవేలు పైకెత్తి వెలుతురులో తిప్పి చూసుకున్నాడు. వేలికి అడ్డంగా, పాతది, లోతైన కోత ఒకటుంది. కాగితంమీద ముద్రకూ అడ్డంగా, అదే వంకరతో, తెల్లటి గీత ఒకటుంది.

"సత్యవాణిగారూ," అన్నాడాయన. మేడమ్ అనకపోవడం ఇదే మొదటిసారి. "పోయిన ఆదివారం గంగాధర్ నన్ను భోజనానికి పిలిచాడు. మా స్టేషన్లలో పల్లెటూరివాళ్ల ముద్రలు ఎలా తీసుకునేవాళ్లమో చెప్పమన్నాడు. నాకు ఎవరన్నా అడగడమే చాలు కదా. సిరా తెచ్చాడు, తెల్లకాగితం తెచ్చాడు. వేసి చూపించాను. భేష్ అంకుల్ అన్నాడు." ఆయన బొటనవేలిని ముద్ర పక్కన ఆనించాడు. "ఇది నా వేలు."

జెట్టీ మొదట్లో ఇద్దరు పోలీసులు కనిపించారు. తీరిగ్గా నడుచుకుంటూ దగ్గరికొచ్చి, ఫిర్యాదు చేసిందెవరు, నిందితుడెవరు అని పెద్దాయన ఇంగ్లీషులో అడిగాడు. ఫైజ్ చేతిలో దారం అవ్వకిచ్చి, ప్యాంటు దులుపుకుని లేచాడు. మొహంలో నవ్వు లేదు.

సుధాకరరావు అతని భుజం పట్టి కూర్చోబెట్టాడు. ఎదురెళ్లి, పాత అలవాటుకొద్దీ నిటారుగా నిలబడి, దానపత్రం పోలీసు చేతికిచ్చాడు.

"ఫిర్యాదు నాదే. దొంగ పేరు తప్పు చెప్పాను," అన్నాడు. "ఈ కాగితం కింద ఉన్న వేలు నాది. అది ఇక్కడికి ఎలా వచ్చిందో ఆయన్ని అడగండి."

ఆయన వేలెత్తి చూపించేసరికి గంగాధర్ కారు తాళాలు చేత్తో పట్టుకుని జెట్టీలో సగం దూరం నడిచేశాడు. పిలిచినా తిరిగి చూడలేదు, పరుగు లంకించుకున్నాడు.